కరివేపాకు రెబ్బకీ కాపలా: చూసే కళ్ళు తక్కువ, చూడాల్సిన చోట్లు ఎక్కువ



వేసవి సెలవులకి ఇండియా వెళ్ళి తిరిగొచ్చే రోజుల్లో మన గ్రూపుల నిండా ఒకే రకం మెసేజీలు. "అమ్మ కోసిచ్చిన కరివేపాకు మొత్తం తీసేసుకున్నారు." "అత్తగారు మూటగట్టిన బియ్యం చెత్తబుట్టలో వేశారు." "కుక్క వచ్చి సరిగ్గా నా బ్యాగు పక్కనే కూర్చుంది." దాని కింద ఎవరో ఒకరు తప్పకుండా రాస్తారు, "మన వాళ్ళ పెట్టెలే వాళ్ళకి కనపడతాయి" అని. ఆ మాటలో ఉక్రోషముంది, కొంత నిజమూ ఉంది. ఈ నెల ఆ మాట వెనకున్న చరిత్ర చెప్పుకుందాం. ఇది ఒక పురుగు కథో, ఒక కుక్క కథో కాదు. ఉన్న కొద్ది డబ్బుతో, ఉన్న కొద్దిమంది మనుషులతో ఇంత పెద్ద దేశంలో ఎక్కడ కాపలా పెట్టాలని నూట పదిహేనేళ్ళ పైనుంచీ తలలు బద్దలు కొట్టుకుంటున్న కథ.

నేను కాలిఫోర్నియాలో నర్సుని. మా ఫ్లోర్‌లో ఒక నర్సుకి ఐదుగురు పేషెంట్లు. ఐదుగుర్నీ ప్రతి నిమిషం చూడటం ఎవరివల్లా కాదు. ఎవరి బీపీ గంటగంటకీ చూడాలి, ఎవరిని నాలుగు గంటలకోసారి చూస్తే చాలు అని షిఫ్టు మొదట్లోనే లెక్క వేసుకుంటాం. ఆ లెక్క తప్పితే ఏమవుతుందో మనలో ఆస్పత్రుల్లో పనిచేసే వాళ్ళందరికీ తెలుసు. పురుగుల మీద కాపలా కూడా సరిగ్గా ఈ లెక్కే.

బయటి పురుగంటే ఏమిటి?

పుట్టిన చోట ప్రతి జీవికీ దాన్ని తినేదో, అణచిపెట్టేదో ఇంకొకటి ఉంటుంది. సముద్రం దాటి కొత్త నేలకి చేరితే ఆ శత్రువులుండవు. అడిగేవాడు లేక విచ్చలవిడిగా పెరుగుతుంది. ఇది మనకి కొత్త సంగతేం కాదు. మన చేల గట్లమీద, రైలు పట్టాల పక్కన తెల్లటి పూలతో విరగబూసే వయ్యారిభామ మన మొక్క కాదు, అమెరికా ఖండాలది. 1950ల్లో పూనే దగ్గర కనిపించింది. అమెరికా గోధుమలతో కలిసి వచ్చిందని చెబుతారు, అందుకే దాన్ని కాంగ్రెస్ గడ్డి అనేవాళ్ళూ ఉన్నారు. చెరువుల్ని కప్పేసే గుర్రపుడెక్క కూడా దక్షిణ అమెరికా నుంచి వచ్చిందే. దురదలు, ఆయాసాలు తెచ్చిపెట్టే ఆ వయ్యారిభామని ఇవాళ ఎన్ని కూలీలు పెట్టి పీకించినా పోదు. మొదట పదో పాతికో మొక్కలున్నప్పుడు ఎవరైనా చూసుంటే ఒక్కపూట పని.

కాపలా లెక్క మొత్తం ఈ చివరి వాక్యంలోనే ఉంది. తొందరగా కనిపెడితే ఖర్చు తక్కువ. కానీ తొందరగా కనిపెట్టాలంటే రోజూ చూస్తూ ఉండాలి, ఆ చూడటానికీ ఖర్చే. ఎంత చూడాలి, ఎక్కడ చూడాలి అన్న ప్రశ్న అక్కడ పుడుతుంది.

కాల్చేసిన కానుక

వాషింగ్టన్‌లో ఏటా వసంతంలో చెర్రీ పూలు చూడటానికి మనమంతా పిల్లల్ని తీసుకుని వెళతాం కదా, ఆ చెట్లకో కథ ఉంది. 1910 జనవరిలో టోక్యో నగరం స్నేహం గుర్తుగా 2,000 చెర్రీ మొక్కలు పంపింది. వ్యవసాయశాఖ వాళ్ళు పరీక్షించి, వాటిలో పురుగులూ తెగుళ్ళూ ఉన్నాయని తేల్చారు. ఇంకో దేశం ప్రేమతో పంపిన కానుక, వద్దంటే ఎంత అవమానం! అయినా అధ్యక్షుడు టాఫ్ట్ అనుమతితో ఆ నెల 28న మొత్తం కుప్పపోసి కాల్చేశారు. జపాన్ వాళ్ళు పెద్దమనసుతో అర్థం చేసుకుని, ఇంకా శ్రద్ధగా పెంచిన 3,020 మొక్కల్ని 1912లో మళ్ళీ పంపారు. ఆ మార్చి 27న నాటడం మొదలైంది.

అదే ఏడాది ఆగస్టులో అమెరికా మొట్టమొదటి మొక్కల క్వారంటీన్ చట్టం వచ్చింది. అంతవరకూ బయటి నుంచి మొక్క తెచ్చుకోవడానికి దేశం మొత్తానికీ వర్తించే అడ్డేదీ లేదు. మన కరివేపాకు బ్యాగు ఆగే కౌంటరుకి పునాది రాయి పడింది అప్పుడే. ఆ కౌంటరు దగ్గర మొదట ఆగింది మన మూటలు కావు, ఒక ప్రభుత్వం ఇంకో ప్రభుత్వానికి ఇచ్చిన బహుమతి.

గెలుస్తున్నామని ఆపేశారు

చట్టం రాకముందే ఒక రాష్ట్రం చేతులు కాల్చుకుంది. 1860ల చివర్లో ట్రూవెలో అనే ఫ్రెంచి చిత్రకారుడు బోస్టన్ పక్కన మెడ్‌ఫర్డ్ ఊళ్ళో ఉండేవాడు. పట్టుపురుగుల మీద సరదాతో యూరప్ నుంచి జిప్సీ మాత్ అనే సీతాకోకలాంటి పురుగుని తెచ్చి పెరట్లో పెంచాడు. కొన్ని తప్పించుకున్నాయి. ఇరవై ఏళ్ళు పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 1889లో ఒక్కసారిగా ఊరంతా గొంగళిపురుగులు. చెట్లకి ఆకు మిగల్లేదు, గోడల మీద, గుమ్మాల మీద, తలుపు తీస్తే లోపలికి. ఉతికిన బట్టలు ఆరేసుకోవడానికి లేకపోయింది.

1890లో మసాచుసెట్స్ రాష్ట్రం డబ్బు కేటాయించి యుద్ధం మొదలుపెట్టింది. మనుషులు చెట్టుచెట్టూ ఎక్కి గుడ్ల ముద్దలు గీకేవాళ్ళు. పదేళ్ళలో పది లక్షల డాలర్ల పైన ఖర్చయింది, ఆ రోజుల్లో అది చాలా పెద్ద మొత్తం. పురుగు బాగా తగ్గింది. చెట్లు పచ్చగా కనపడుతున్నాయి. "ఇంకా ఇంత డబ్బు ఎందుకు? కనపడని పురుగు కోసం వెతకడమేంటి?" అని శాసనసభలో ప్రశ్నలు. 1900లో డబ్బు ఆపేశారు. ఐదేళ్ళు తిరిగేసరికి పురుగు ఇంకా ఎన్నో రెట్లు పెద్ద ప్రాంతానికి పాకింది, పక్క రాష్ట్రాలకీ చేరింది. 1905లో మళ్ళీ మొదలుపెట్టారు గానీ అప్పటికి చెయ్యి దాటిపోయింది. ఇవాళ ఈశాన్య అమెరికా అంతటా ఆ పురుగుంది. ఈమధ్యే దాని పేరు స్పాంజీ మాత్ అని మార్చారు.

యాంటీబయాటిక్ మూడు రోజులు వేసుకుని, జ్వరం తగ్గింది కదా అని ఆపేసే పేషెంటుని మనం ఎన్నిసార్లు చూశాం? కాపలాకున్న శాపం ఇదే. అది బాగా పనిచేస్తే చూపించడానికి ఏమీ ఉండదు. ఏమీ కనపడటం లేదు కాబట్టి బడ్జెట్ కోస్తారు.

దీనికి మంచి ముగింపు కూడా ఉంది. 1990ల్లో ఆలోచన మారింది. ఉన్నచోట మొత్తం నిర్మూలించడం అయ్యే పని కాదు, లేనిచోట అంతా వెతకడమూ కాదు. పురుగు ఉన్న ప్రాంతానికీ లేని ప్రాంతానికీ మధ్య ఒక అంచు ఉంటుంది కదా, డబ్బు అక్కడ పెడదామన్నారు. మిన్నెసోటా నుంచి నార్త్ కరోలినా దాకా ఆ అంచు వెంబడి గళ్ళు గీసినట్టు ఉచ్చులు కట్టారు. ఆడపురుగు వాసన పూసిన ఉచ్చులోకి మగపురుగు వచ్చి పడుతుంది. ఎక్కడ కొత్త గుంపు మొదలైందో తెలిస్తే అక్కడే చిన్నగా ఆర్పేస్తారు. ఈ పద్ధతితో పురుగు పాకే వేగం సగానికి పైగా తగ్గింది. డబ్బు ఎంత అన్నదానికంటే ఎక్కడ అన్నదే ఇక్కడ పనిచేసింది.

సన్నీవేల్ మీద హెలికాప్టర్లు

ఇవాళ మన వాళ్ళు ఇంత మంది ఉంటున్న శాన్ జోస్, సన్నీవేల్ ప్రాంతంలో 1980 జూన్‌లో మెడిటరేనియన్ పండు ఈగ కనిపించింది. మన ఇంట్లో అరటిపళ్ళ చుట్టూ ముసిరే చిన్న ఈగ కాదది. రెండు వందలకు పైగా రకాల పళ్ళల్లో, కూరల్లో గుడ్లు పెట్టి లోపలే పురుగు చేసే ఈగ. మందు హెలికాప్టర్లతో చల్లాలన్నారు శాస్త్రవేత్తలు. ఇళ్ళ మీద చల్లడానికి గవర్నర్ జెర్రీ బ్రౌన్ ఒప్పుకోలేదు. ఏడాది గడిచింది, ఈగ పెరిగింది. కాలిఫోర్నియా పళ్ళన్నీ ఆపేస్తామని కేంద్ర ప్రభుత్వం బెదిరించాక 1981 జులైలో రాత్రిపూట హెలికాప్టర్లు ఎగిరాయి. ఏం భయం లేదని చూపించడానికి ఒక అధికారి అందరి ముందూ ఆ మందు నీళ్ళలో కలుపుకుని ఒక గ్లాసు తాగాడు కూడా. 1982కి ఈగ పోయిందన్నారు. దాదాపు 10 కోట్ల డాలర్లయింది.

1989, 90ల్లో లాస్ ఏంజిలస్‌లో మళ్ళీ అదే ఈగ, మళ్ళీ హెలికాప్టర్లు, మళ్ళీ జనం గొడవ. చివరికి 1996 నుంచి వేరే దారి పట్టారు. గొడ్డు మగ ఈగల్ని ల్యాబులో పెంచి, ఆ లాస్ ఏంజిలస్ ప్రాంతం మీద ఏడాది పొడుగునా వదులుతూ ఉంటారు. బయటి నుంచి ఒక ఆడ ఈగ వచ్చినా దానికి దొరికే జోడీ గొడ్డుదే కాబట్టి సంతానం ఉండదు. రాష్ట్రం అంతా వదలరు, ఈగ దిగే అవకాశం ఎక్కువున్న చోటే వదులుతారు.

ఉచ్చులు కూడా అంతే. ఊళ్ళల్లో మామూలు రోజుల్లో చదరపు మైలుకి కొద్ది ఉచ్చులే ఉంటాయి. ఒక్క ఈగ పడిందా, అది పడిన చదరపు మైలులో 100 ఉచ్చులు పెడతారు. దాని చుట్టూ ఉన్న మైళ్ళలో 50, దాని బయట 25, ఆ తర్వాత 20, ఆఖరు వరసలో 10. మొత్తం 81 చదరపు మైళ్ళు ముగ్గు వేసినట్టు. మధ్యలో చుక్కలు దగ్గరదగ్గరగా, పోనుపోను దూరంగా. పేషెంటు పరిస్థితి బాగాలేకపోతే పావుగంటకోసారి, కుదురుకున్నాక గంటకి, తర్వాత నాలుగు గంటలకి అని మనం చార్టులో రాసుకునేది గుర్తొస్తోందా?

బియ్యం మూటలో ఏముంది?

మన ఇళ్ళల్లో బియ్యంలో ముక్కుపురుగు పడితే అమ్మమ్మలు ఎండలో ఆరబోసి, చెరిగి, వేపాకు వేసి డబ్బాలో పోసేవాళ్ళు. ఒక పురుగు ఉందని ఎవరూ బియ్యం పారేయలేదు. అందుకే కస్టమ్స్ వాళ్ళు రెండు కేజీల బియ్యం చూసి అంత హడావుడి చేస్తే మనకి విడ్డూరంగా ఉంటుంది. వాళ్ళు భయపడేది ముక్కుపురుగుని చూసి కాదు, ఖాప్రా పురుగుని చూసి.

ఇది మన ఉపఖండం వైపు పురుగే. చాలా చిన్నది. దాని పిల్లపురుగు తిండి లేకుండా గోడ పగుళ్ళలో, గోనెసంచి కుట్లలో ఏళ్ళ తరబడి నిద్రపోయి బతకగలదు. దాని వెంట్రుకలూ, విడిచిన పొరలూ గింజల్లో కలిసి చిన్నపిల్లల కడుపుకి హాని చేస్తాయి. మామూలు మందులకి ఒక పట్టాన లొంగదు.

1953లో కాలిఫోర్నియాలోని ట్యులేరి కౌంటీలో ఒక ధాన్యం గోదాములో ఇది బయటపడింది. వెనక్కి తవ్వి చూస్తే 1946కే రాష్ట్రంలోకి వచ్చిందనీ, అప్పుడు ఇంకో పురుగని పొరపడ్డారనీ తేలింది. ఆ ఏడేళ్ళలో అరిజోనా, న్యూ మెక్సికోలకి కూడా పాకింది. గోదాములకి గోదాములే టార్పాలిన్లు కప్పి విషవాయువు పట్టించాల్సి వచ్చింది. 1955 నుంచి 1966 దాకా సాగిన ఆ పనికి ఒక కోటీ పది లక్షల డాలర్లు ఖర్చయ్యాయి. చివరికి గెలిచారు, పురుగు పోయింది. అప్పట్నుంచీ దాన్ని మళ్ళీ గడప తొక్కనివ్వకూడదన్నదే పట్టుదల. రేవుల్లో, ఎయిర్‌పోర్టుల్లో ఇది దొరకడం ఎక్కువయ్యాక 2011లో, ఆ పురుగున్న దేశాల నుంచి ప్రయాణికులు బియ్యం తెచ్చుకోవడాన్ని నిషేధించారు. అత్తగారి బియ్యం మూట చెత్తబుట్టలో పడటం వెనక ట్యులేరి గోదాముల పదమూడేళ్ళ చరిత్ర ఉంది.

కుక్క, టికెట్టు, చీటీ వేసి తీసిన పెట్టె

ఇన్ని లక్షల పెట్టెలు విప్పి చూడటం అయ్యే పని కాదు. 1984లో లాస్ ఏంజిలస్ ఎయిర్‌పోర్టులో వ్యవసాయశాఖ ఒక బీగిల్ కుక్కతో ప్రయోగం మొదలుపెట్టింది. చిన్న కుక్క, పిల్లలు భయపడరు, ముక్కు మాత్రం అమోఘం. వాసన తగిలితే మొరగదు, కరవదు, పక్కన బుద్ధిగా కూర్చుంటుంది. మనకి "దొంగలు పడ్డ ఆర్నెల్లకి కుక్కలు మొరిగాయి" అని సామెత ఉంది కదా, ఈ కుక్కల కొలువు సరిగ్గా దానికి విరుగుడు.

దీనికి డబ్బు ఎక్కడిది అంటారా, మనదే. 1990 నాటి చట్టం ప్రకారం విదేశాల నుంచి వచ్చే ప్రతి ప్రయాణికుడి టికెట్టులో వ్యవసాయ తనిఖీ రుసుము కలిపి ఉంటుంది. ఈమధ్య సంవత్సరాల్లో అది దాదాపు నాలుగు డాలర్లు. మన బ్యాగు చూసే కుక్కకి తిండి మన టికెట్టులోంచే పోతోంది.

ఇక "మన వాళ్ళనే ఎందుకు" అన్న ప్రశ్న. నిజమే, ప్రమాదం ఎక్కువున్న దారులు చూడమనే వాళ్ళకి చెప్పేది. ఏ దేశంలో ఏ తెగులు ఉంది, అక్కడి వాళ్ళు మామూలుగా ఏం తెస్తారు అన్నది చూసి ఎవరిని ఆపాలో ఎంచుకుంటారు. మనం కరివేపాకు తెస్తాం, అది దాచితే దాగేది కాదు. కానీ ఈ పద్ధతిలో ఒక చిక్కుంది. అనుమానమున్న పెట్టెలే తెరిస్తే దొరికేవన్నీ ఆ పెట్టెల్లోనే దొరుకుతాయి. "చూశారా, మా అనుమానం నిజమే" అని ఇంకా వాటినే తెరుస్తారు. మిగతా దారిలో ఏం పోతోందో ఎప్పటికీ తెలీదు.

అందుకని 1990ల నుంచి ఇంకో పని కూడా చేస్తున్నారు. కొంతమంది ప్రయాణికుల్ని ఏ అనుమానమూ లేకుండా, చీటీ వేసినట్టు ఎంచి పూర్తిగా తనిఖీ చేస్తారు. వాళ్ళు ఏ దేశం వాళ్ళైనా కావచ్చు. వాళ్ళ దగ్గర దొరికినదాన్ని బట్టి ఏ దారిలో నిజంగా ఎంత ప్రమాదం ఉందో లెక్క కట్టి, మనుషుల్నీ కుక్కల్నీ అటు సర్దుతారు. ఇది నాకు చాలా నచ్చిన సంగతి. ఉన్నదే కొద్ది మంది, వాళ్ళలోనూ కొందరి సమయం తమ అనుమానం సరైనదేనా అని సరిచూసుకోవడానికి ఖర్చు పెట్టడం. న్యాయం జరగాలన్నా అదే దారి, తెలివైన కాపలా కావాలన్నా అదే దారి.

2001 దాడుల తర్వాత ప్రాధాన్యాలు మారాయి. 2003లో దాదాపు 1,800 మంది వ్యవసాయ తనిఖీ ఉద్యోగుల్ని కొత్తగా పెట్టిన హోంల్యాండ్ సెక్యూరిటీ శాఖకి మార్చారు. బాంబుల కోసం వెతికే శాఖలో పురుగుల కోసం వెతకడం రెండో పని అయిపోతుందన్న భయం అప్పుడే చాలామందికి కలిగింది. కొన్నేళ్ళకే కుక్కల జట్లు తగ్గిపోయాయని ప్రభుత్వ ఆడిట్ సంస్థ 2006లో ఎత్తి చూపింది. మసాచుసెట్స్ పాఠం నూరేళ్ళ తర్వాత మళ్ళీ చదవాల్సి వచ్చింది.

అసలు కరివేపాకు కథ

మా అనంతపురం వైపు చీనీ కాయలంటాం, కోస్తా, తెలంగాణ వాళ్ళు బత్తాయి అంటారు. ఆ కుటుంబానికంతా యముడులాంటి జబ్బు ఒకటుంది, చైనా భాషలో దాని పేరు హువాంగ్‌లాంగ్‌బింగ్. ఆకు ఒక పక్క పసుపుపచ్చ, ఒక పక్క ఆకుపచ్చగా మచ్చలు తేలుతుంది, కాయ వంకరపోయి చేదెక్కుతుంది, కొన్నేళ్ళలో చెట్టు చస్తుంది. మందు లేదు. దీన్ని చెట్టు నుంచి చెట్టుకి మోసేది మూడు నాలుగు మిల్లీమీటర్ల పురుగు, ఆసియన్ సిట్రస్ సిల్లిడ్. కరివేపాకు కూడా నిమ్మ కుటుంబమే. ఆ జబ్బు కరివేపాకుకి సోకదు గానీ, ఆ పురుగుకి మాత్రం కరివేపాకు లేత చిగురంటే పుట్టిల్లు. గుడ్లు అక్కడే పెడుతుంది. అందుకే మనం కూరలోంచి ఏరి పక్కన పెట్టే రెబ్బ మీద ఒక దేశం ఇంత దృష్టి పెట్టింది.

1998లో ఫ్లోరిడాలో ఈ పురుగు కనిపించింది. అది ఎలా పాకిందో వింటే ఆశ్చర్యపోతారు. మన పెట్టెల్లోంచి కాదు. ఆరెంజ్ జాస్మిన్ అని తెల్లపూల అలంకరణ మొక్క ఒకటి ఉంది, అదీ కరివేపాకు చుట్టమే. తోటసామాన్ల దుకాణాల్లో అమ్మే ఆ కుండీల మీద ఎక్కి, లారీల్లో రాష్ట్రమంతా తిరిగింది. అప్పటికి పురుగుంది గానీ జబ్బు కనపడలేదు. 2005లో జబ్బు బయటపడేసరికి పురుగు లేని కౌంటీని వెతుక్కోవాల్సిన పరిస్థితి. 2003-04లో ఫ్లోరిడా 24 కోట్ల పెట్టెల నారింజ పండించింది. 2023-24లో దాదాపు 1.8 కోట్లు. తుఫాన్లూ, ఇళ్ళస్థలాలుగా మారిన తోటలూ కూడా కారణమే, కానీ వెన్ను విరిచింది ఈ జబ్బు. తరతరాలుగా తోటల మీద బతికిన కుటుంబాలు అమ్ముకుని వెళ్ళిపోయాయి. గేటు దగ్గర ఎంత కాపలా పెట్టినా, లోపల అంగట్లో అమ్మే కుండీని ఎవరూ చూడకపోతే అంతే.

కాలిఫోర్నియాకి ఫ్లోరిడా కళ్ళ ముందుంది. 2008లో శాన్ డియేగో దగ్గర పురుగు దొరగ్గానే చీనీ, నిమ్మ రైతులు తమ పెట్టె పెట్టెకీ ఇంతని చెల్లించి కాపలా నిధి పెట్టుకున్నారు. 2009లో ఇండియా నుంచి ఫ్రెస్నో కొరియర్ కేంద్రానికి వచ్చిన ఒక సామాను దగ్గర కుక్క కూర్చుంది. విప్పితే కరివేపాకు. దాని మీద ఈ పురుగు పిల్లలు, పరీక్ష చేస్తే వాటిలో ఆ జబ్బు క్రిమి కూడా ఉంది. ఫ్రెస్నో అంటే రాష్ట్రంలో నారింజ తోటలకి గుండెకాయలాంటి చోటు. ఆ మూట పంపిన వాళ్ళు ఎవరో గానీ ప్రేమతోనే పంపి ఉంటారు.

2012 మార్చిలో లాస్ ఏంజిలస్ కౌంటీలోని హసియెండా హైట్స్‌లో, ఒక ఇంటి పెరటి చెట్టుకి జబ్బు ఉన్నట్టు తేలింది. కాలిఫోర్నియాలో అదే మొదటిది. ఆ తర్వాత దక్షిణ కాలిఫోర్నియాలో వేల చెట్లు తీసేశారు, దాదాపు అన్నీ ఇళ్ళ పెరళ్ళలోవే. తోటలు మాత్రం ఇంకా చాలావరకు నిలబడి ఉన్నాయి.

పెరళ్ళు లక్షల్లో ఉంటాయి, చూసే మనుషులు వందల్లో. అందుకని మైలు మైలుకీ మార్కులు వేసే పద్ధతి తెచ్చారు. ఎన్ని నిమ్మజాతి చెట్లున్నాయి, నర్సరీలు దగ్గరున్నాయా, కాయలు మోసే లారీల దారి ఉందా, వాతావరణం ఎలాంటిది అని. ఆ జబ్బున్న దేశాలకి రాకపోకలుండే కుటుంబాలు ఎక్కువున్న పేటలా అన్నది కూడా ఆ లెక్కలో ఒకటి. అంటే మనం ఉండే వీధులకి మార్కులు ఎక్కువ పడతాయి. మొదట తెలిసినప్పుడు నాకూ మనసు చివుక్కుమంది. కానీ ఆ మార్కులు చెప్పేది ఎక్కడ ముందు చూడాలన్నదే. పసుపు జిగురు అట్ట కట్టడానికి వచ్చిన మనిషిని మనం తలుపు వేసి పంపేస్తే ఆ మైలు చీకట్లో ఉండిపోతుంది. అక్కడ జబ్బు ముదిరితే మొదట పోయేది మన పెరటి నిమ్మచెట్టే.

ఇంకో ముచ్చట. ఈ పురుగుకి పుట్టింటి శత్రువు ఒకటుంది, చీమంత కూడా లేని టమారిక్సియా అనే కందిరీగ జాతి. కాలిఫోర్నియా శాస్త్రవేత్తలు పాకిస్తాన్ పంజాబు తోటల నుంచి దాన్ని తెచ్చి, క్వారంటీన్‌లో పెట్టి అన్ని పరీక్షలూ చేసి, 2011 డిసెంబరులో వదిలారు. పురుగు మన వైపు నుంచే వచ్చింది, దాన్ని తినే బంటూ మన వైపు నుంచే వచ్చాడు.

ఒక ఇల్లాలి కళ్ళు

కాపలా బడ్జెట్లో ఎక్కడా కనపడని సైన్యం ఒకటుంది. 2008లో మసాచుసెట్స్‌లోని వూస్టర్‌లో ఒకామె తన ఇంటి ఆవరణలో నల్లగా మెరుస్తూ, తెల్ల చుక్కలతో, పొడుగు మీసాలున్న పెంకుపురుగుల్ని చూసింది. ఇదేంటో వింతగా ఉందే అని వెతికి, సంబంధిత శాఖకి చెప్పింది. అది ఆసియన్ లాంగ్‌హార్న్‌డ్ బీటిల్, మేపుల్ చెట్లని లోపల్నుంచి తొలిచేది. అప్పటికే ఏళ్ళ తరబడి ఆ ఊళ్ళో ఉందని తేలింది. వేలాది చెట్లు కొట్టేయాల్సి వచ్చింది. కానీ ఆమె చూడకపోయుంటే ఉత్తరాది అడవుల దాకా పోయేదే. 1996లో న్యూయార్కులోని బ్రూక్లిన్‌లో ఇదే పురుగుని మొదట గమనించిందీ ఒక మామూలు పౌరుడే. పెద్ద పెద్ద శాఖలు చూడలేని చోట పెరట్లో బట్టలు ఆరేసే మనిషి చూసింది.

అందుకని మనం చేయగలిగిన నాలుగు మాటలు చెప్పి ముగిస్తాను.

ఇండియా నుంచి వచ్చేటప్పుడు తిండి, మొక్క, విత్తనం ఏదున్నా డిక్లేర్ చేయండి. చేస్తే మహా అయితే ఆ వస్తువు తీసుకుంటారు. దాచి దొరికితే వందల డాలర్ల జరిమానా. అమ్మకీ అత్తయ్యకీ ముందే చెప్పండి, తాజా కరివేపాకు, బియ్యం కట్టొద్దని. వాళ్ళు బాధపడితే ఈ వ్యాసం చదివి వినిపించండి.

కరివేపాకు మొక్క కావాలంటే లైసెన్సున్న నర్సరీలో కొనండి. కొమ్మలూ, పిలకలూ స్నేహితులకి పంచడం మనకి ఎంత ఇష్టమో నాకు తెలుసు. కానీ క్వారంటీన్ గీత ఉన్న కౌంటీల్లో ఆ గీత దాటించకండి, కొరియర్లో అసలే వద్దు.

వారానికోసారి మొక్క చిగుళ్ళు తిప్పి చూడండి. పసుపురంగు చిన్న పిల్లపురుగులు, వాటి వెనక తెల్లటి మైనపు నూలుపోగుల్లాంటివి, తల దించి తోక పైకెత్తి వాలుగా కూర్చున్న గోధుమరంగు రెక్కల పురుగు కనపడితే ఫోటో తీసి మీ కౌంటీ వ్యవసాయ ఆఫీసుకి చెప్పండి. చెబితే జరిమానా వేస్తారేమో అని భయపడొద్దు, వాళ్ళకి కావలసింది కబురే.

ఉచ్చు కట్టడానికి ఎవరైనా వస్తే ముందు గుర్తింపు కార్డు అడగండి. సరిగ్గా ఉంటే పెరట్లోకి రానివ్వండి. వీలైతే మంచినీళ్ళు ఇవ్వండి, ఆ మనిషి ఆ రోజు ఇంకా ఎన్నో ఇళ్ళు తిరగాలి.